ఎమ్మెల్యే అయివారు

సుందరరాజు మద్రాసు శాసనసభలో సభ్యుడిగా ఉన్నన్నాళ్ళూ పరంధామయ్యకు అతని మీద అసూయ లేదు. గర్వమే ఉండేది. పత్రికలో ఆ పేరు కనిపించిన రోజున నగరి హైస్కూలు ఉపాధ్యాయుల గదిలో దాన్ని పైకి చదివి, "మేమిద్దరం తిరుపతిలో ఒకే బెంచీ మీద చదువుకున్నోళ్ళం" అని చెప్పుకునేవాడు. ఆ మాట అందరూ అంతకు ముందు చాలాసార్లు విన్నదే అయినా, అతని ముఖంలో సంతోషం చూసి తల ఊపేవాళ్ళు.

పరంధామయ్య నగరిలో మగ్గం నేసే ఇంటి బిడ్డ. సుందరరాజు సత్యవేడు దగ్గర పల్లెలో భూములున్న ఇంటివాడు. తిరుపతిలో చదివేటప్పుడు ఇద్దరూ గోవిందరాజస్వామి గుడి వెనక వీధిలో ఒక గది తీసుకుని, వంతుల ప్రకారం వండుకుని తినేవాళ్ళు. క్లాసులో ఎప్పుడూ పరంధామయ్య మొదటివాడు, సుందరరాజు రెండోవాడు. స్కూలు ఫైనలు పరీక్షలోనూ అంతే. ఆ తర్వాత రాజును వాళ్ళ నాయన మద్రాసు పంపించి బి.ఏ. చదివించాడు. పరంధామయ్య నాయనేమో చూపు తగ్గి మగ్గం దగ్గర కూచోలేకపోయాడు. కొడుకు చిత్తూరులో సెకండరీ గ్రేడు ట్రైనింగు ముగించుకుని ఊరికి తిరిగొచ్చి అయివారుగా చేరిపోయాడు.

అతని చదువు అక్కడ ఆగిపోయినా, అతను మంచి అయివారు కాకుండా పోలేదు. చరిత్ర పాఠం చెప్పడంలో ఆ చుట్టుపక్కల అతన్ని మించినవాడు లేడు. పానిపట్టు యుద్ధం చెప్పే రోజున బల్లలన్నీ గోడకు జరిపించి, నేల మీద సుద్దముక్కతో మైదానం గీసి, పిల్లలనే సైన్యాలుగా నిలబెట్టేవాడు. ఆ రోజు పక్క క్లాసుల పిల్లలు కిటికీలకు వేలాడేవాళ్ళు. సెకండరీ గ్రేడు అయివారు కాబట్టి నియమం ప్రకారం అతను మూడో ఫారం, అంటే ఎనిమిదో తరగతి, దాటి చెప్పకూడదు. అయినా హెడ్మాస్టరు అయ్యంగారు చూసీ చూడనట్టు నాలుగో ఫారం చరిత్ర కూడా అతనికే ఇచ్చాడు.

అసలు ఆ బడి మిడిల్ స్కూలుగా ఉండేది. దాన్ని హైస్కూలు చేయాలని ఊరివాళ్ళు అడిగినప్పుడు సుందరరాజు శాసనసభలో లేచి మాట్లాడాడు. ఆ రోజు ఊరి పెద్దలతో పాటు పరంధామయ్య కూడా మద్రాసు వెళ్ళి, సందర్శకుల వరసలో కూచుని ఆ మాటలు విన్నాడు. మంత్రి సరేననేదాకా రాజు విడిచిపెట్టలేదు. బయటికి వచ్చాక పరంధామయ్య అతన్ని కావలించుకున్నాడు. తర్వాత మంత్రివర్గం రాజీనామా చేసింది, రాజు రెండుసార్లు జైలుకు వెళ్ళాడు. రెండోసారి అతన్ని రైల్లో తీసుకుపోతున్నారని తెలిసి పరంధామయ్య పుత్తూరు స్టేషనుకు పరుగెత్తి, పోలీసులను బతిమాలి ఒక పండ్ల మూట రాజు చేతికిచ్చి, ఏడుస్తూ ఇంటికొచ్చాడు.

నలభై ఆరులో మళ్ళీ ఎన్నికలొచ్చాయి. పార్టీ ఈసారి సీటు సుందరరాజుకు ఇవ్వలేదు. అతని వెనక జెండా పట్టుకుని తిరిగిన వెంకటమునికి ఇచ్చింది. ఎందుకని ఎవరూ చెప్పలేదు. వెంకటముని గెలిచాడు. ఆ వేసవి సెలవులు ముగిసి బడి తెరిచిన రోజున, బడి కమిటీ అధ్యక్షుడు, బట్టల వ్యాపారి మునివెంకటప్ప, సుందరరాజును వెంటబెట్టుకుని ఉపాధ్యాయుల గదిలోకి వచ్చాడు.

"రాజు గారు ఇంక మన ఇస్కూల్లోనే పాఠాలు చెప్తారంట. మన అదృష్టం సూడండప్పా," అన్నాడు.

అందరూ లేచి నిలబడ్డారు. పరంధామయ్య సంతోషంతో ముందుకు వెళ్ళి రాజు రెండు చేతులూ పట్టుకున్నాడు. ఇంతలో డ్రాయింగు మాస్టరు, కొత్తాయనకు గాలి వచ్చే చోటు బాగుంటుందని, కిటికీ పక్కన ఉన్న కుర్చీ తుడిచి చూపించాడు. అది పరంధామయ్య కుర్చీ. సుందరరాజుకు ఆ సంగతి తెలియదు. వెళ్ళి కూచున్నాడు. పరంధామయ్య తలుపు పక్కన స్టూలు మీద కూచుని నవ్వుతూనే ఉన్నాడు గానీ, గుండెలో ఎక్కడో చిన్న ముల్లు గుచ్చుకున్నట్టయింది.

సాయంత్రానికి ఆ ముల్లు లోతుకు దిగింది. అయ్యంగారు అతన్ని పిలిచి, నాలుగో ఫారం చరిత్ర ఇకనుంచి బి.ఏ. చదివిన సుందరరాజు తీసుకుంటాడని చెప్పాడు.

"నీకూ భారం తగ్గుతుంది కదయ్యా," అన్నాడు.

"అవును సార్, మంచిదే," అన్నాడు పరంధామయ్య. ఇంటికి వెళ్ళేటప్పుడు రోజూ ఆగి మాట్లాడే మగ్గాల వీధిలో ఎవరితోనూ మాట్లాడలేదు.

మొదటి నెలల్లో అతనికి కొంత ఊరట దొరికింది. సుందరరాజుకు పాఠం చెప్పడం రాలేదు. మొదటి రోజే క్లాసులో నిలబడి, అలవాటు కొద్దీ "అధ్యక్షా!" అనేశాడు. పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వారు. ఆ పూటే అతనికి ఎమ్మెల్యే అయివారు అని పేరు పడింది. అతను బహిరంగ సభలో లాగా గొంతెత్తి మాట్లాడేవాడు. వెనక బెంచీల పిల్లలు గోళీలు ఆడేవాళ్ళు. ఆ గోల గోడ ఇవతల మూడో ఫారంలో ఉన్న పరంధామయ్యకు వినిపించేది. అప్పుడు అతను తన పిల్లలకు "ష్" అని సైగ చేసి, ఒక్క క్షణం ఆ గోలను హాయిగా విని, మళ్ళీ పాఠం మొదలుపెట్టేవాడు.

"ఈ పూట ఇంకో ముద్ద ఎక్కువ తిన్న్యావే! ఇస్కూల్లో ఏందో మంచి సంగతి ఉండాదే," అంది భార్య పంకజాక్షి సంగటి వడ్డిస్తూ.

"ఏముండాది? ఏమీ లేదు," అన్నాడు అతను.

అలాంటి రోజుల్లో ఒకనాడు సుందరరాజు అతన్ని బడి వెనక చింతచెట్టు కింద పట్టుకున్నాడు.

"పరంధామా, నీ దగ్గర దాచేదేముండాది. నాకు ఈ పని రాలేదప్పా. జైల్లో వార్డర్లు నా మాట విన్న్యారు గానీ ఈ పిలకాయలు వినరు. నీ క్లాసులో వెనక కూచోనీ. నువ్వు ఎట్లా చెప్తావో సూస్తా."

పరంధామయ్యకు ఒళ్ళు పులకరించింది. శాసనసభలో మంత్రులను నిలదీసిన మనిషి తన క్లాసులో పిల్లల పక్కన మోకాళ్ళు ముడుచుకుని కూచున్నాడు. ఆ వారమంతా పరంధామయ్య ఎన్నడూ చెప్పనంత బాగా చెప్పాడు. చంద్రగిరి కోట పాఠం చెబుతుంటే సుందరరాజు చెంప మీద చెయ్యి పెట్టుకుని, పిల్లవాడిలాగే నోరు తెరుచుకుని విన్నాడు. ఆఖరి రోజున, "ఇంత బాగా చెప్పేవాణ్ణి నేను మద్రాసులో గూడా సూడ్లేదు," అన్నాడు. ఆ మాటను పరంధామయ్య ఇంట్లో చెప్పుకున్నాడు, మగ్గాల వీధిలో చెప్పుకున్నాడు.

కానీ రాజు ఊరికే విని పోలేదు. నేర్చుకున్నాడు. పరంధామయ్య పిల్లలను సైన్యాలుగా నిలబెట్టినట్టు, అతను తన క్లాసును శాసనసభగా మార్చేశాడు. ఒకడు అధ్యక్షుడు, ఇద్దరు ముగ్గురు మంత్రులు, మిగతావాళ్ళు సభ్యులు. ఊరి పక్కన ఏటికి వంతెన కట్టాలా వద్దా, బడికి సెలవులు ఎప్పుడివ్వాలి, అక్బరు చేసింది మంచా చెడా, అన్నిటి మీదా వాదం. మాట్లాడాలంటే చదువుకుని రావాలి. అంతవరకూ నోరు తెరవని నేతపని వాళ్ళ పిల్లలు కూడా లేచి "అధ్యక్షా!" అని మొదలుపెట్టేవాళ్ళు. ఆ మాటకు ఇప్పుడు ఎవరూ నవ్వడం లేదు. ఇతర క్లాసుల పిల్లలు ఆ కిటికీలకు వేలాడడం మొదలుపెట్టారు.

ఒకరోజు పరంధామయ్య పానిపట్టు పాఠానికి నేల మీద గీత గీస్తూ తలెత్తి చూశాడు. పిల్లలు కూచునే ఉన్నారు, కానీ చెవులన్నీ పక్క గోడ వైపు ఉన్నాయి. ముందు బెంచీ పిల్లవాడు ఆశగా అడిగాడు.

"సార్, వచ్చే ఏడు మాకు ఎమ్మెల్యే అయివారు వస్తారా?"

పరంధామయ్య ఆ పిల్లవాడి చెవి మెలిపెట్టాడు. అన్నేళ్ళ ఉద్యోగంలో అతను ఒక పిల్లవాడి మీద చెయ్యి వేయడం అదే మొదలు. పిల్లవాడికి ఎందుకు శిక్ష పడిందో తెలియలేదు, కళ్ళలో నీళ్ళు పెట్టుకుని కూచున్నాడు. పరంధామయ్యకు మాత్రం తెలుసు.

అప్పటినుంచి అతనికి సుందరరాజు చేసే ప్రతి పనీ కనిపించేది. ఖద్దరు చొక్కా ఎంత తెల్లగా ఉతికించుకున్నాడు, పిల్లల తల్లిదండ్రులు దారిలో ఆపి ఎంతసేపు దండాలు పెట్టారు, అయ్యంగారు అతనితో మాట్లాడేటప్పుడు గొంతు ఎలా మెత్తబడింది. నేను చెప్పింది నేర్చుకుని నన్నే వెనక్కి నెట్టాడు అనుకునేవాడు. రాజు అతన్ని చూసి ఆప్యాయంగా నవ్విన ప్రతిసారీ ఇంకాస్త మండేది. తిట్టడానికి ఒక్క కారణం కూడా ఇవ్వకపోవడమే అతను చేసిన పెద్ద అపకారంలాగా ఉండేది.

మరుసటి ఏడు మొదట్లో బడికి ఇన్స్పెక్టరు వచ్చాడు. నాలుగో ఫారంలో పిల్లల శాసనసభ చూసి ముచ్చటపడ్డాడు. తనిఖీ అయిపోయాక, జట్కా దాకా సాగనంపే పని పరంధామయ్యకు పడింది. ఇన్స్పెక్టరు జట్కా మెట్టు మీద కాలు పెట్టాడు.

"అంతా బాగుందండీ. ఆ రాజు గారి క్లాసు చాలా బాగుంది."

"అవును సార్," అన్నాడు పరంధామయ్య వినయంగా. "ట్రైనింగు లేకపోయినా ఎంత బాగా చెప్తాడో సూడండి."

ఇన్స్పెక్టరు కాలు కిందికి దించాడు.

"ట్రైనింగు లేదా?"

"అయ్యో, మీకు తెలుసనుకుంటిని సార్."

ఇన్స్పెక్టరు మళ్ళీ హెడ్మాస్టరు గదిలోకి వెళ్ళాడు. పరంధామయ్య జట్కా దగ్గరే నిలబడి, గుర్రం మెడ మీద వాలుతున్న ఈగలను చూస్తూ ఉన్నాడు. తను అబద్ధం చెప్పలేదు. పొగడ్త తప్ప ఒక్క మాట కూడా అనలేదు. ఆ సంగతి తనకు తానే నాలుగుసార్లు చెప్పుకున్నాడు.

వేసవి తర్వాత సుందరరాజు మద్రాసులో సైదాపేట ట్రైనింగు కాలేజీలో చేరాలి, లేదంటే బడి వదిలిపెట్టాలి. అదీ పైవాళ్ళ ఆజ్ఞ. నలభై దాటిన మనిషి, రెండుసార్లు జైలు చూసినవాడు, ఇరవయ్యేళ్ళ కుర్రాళ్ళ మధ్య కూచుని బోర్డు మీద రాయడం నేర్చుకోవాలా అని ఊరంతా నొచ్చుకుంది. ఈ అవమానంతో అతను ఉద్యోగం మానేస్తాడని పరంధామయ్య అనుకున్నాడు. రాజు మానలేదు.

"చదువుకునేదానికి సిగ్గేముండాది పరంధామా? నువ్వు నేర్పినావు, ఇంకొంచెం వాళ్ళు నేర్పుతారు," అని పెట్టె సర్దుకుని వెళ్ళిపోయాడు.

నాలుగో ఫారం చరిత్ర మళ్ళీ పరంధామయ్యకు వచ్చింది. కిటికీ పక్క కుర్చీ కూడా వచ్చింది. బడి మళ్ళీ తనదైనట్టు అనిపించింది. ఆగస్టులో దేశానికి స్వాతంత్ర్యం వస్తోందన్నప్పుడు, జెండా పండుగ రోజున ఉపన్యాసం ఇవ్వమని అయ్యంగారు అతన్నే అడిగాడు. పరంధామయ్య ఆ ఉపన్యాసాన్ని ఎన్నో పూటలు ఏటి ఒడ్డున నడుస్తూ వల్లించుకున్నాడు. పంకజాక్షి కొత్త పంచె ఉతికి ఆరేసింది.

ఆ పొద్దున బడి ముందు ఊరంతా చేరింది. ఇంకా జెండా ఎగరేయలేదు, స్టేషను దారిలో కేకలు వినిపించాయి. వరసలో నిలబడిన పిల్లలు వరస విడిచి పరుగెత్తారు. కమిటీవాళ్ళు కబురు పెడితే సుందరరాజు అరక్కోణం మీదుగా వచ్చే పొద్దుటి రైల్లో దిగాడు. పిల్లలు అతని చేతిసంచి లాక్కుని, చొక్కా పట్టుకుని తోసుకొస్తున్నారు.

జెండా ఎగిరింది. అయ్యంగారు పరంధామయ్య వైపు ఇబ్బందిగా చూసి, "రాజు గారు రెండు మాటలు చెబితే..." అన్నాడు.

సుందరరాజు చేతులు జోడించాడు. "నేనిప్పుడు విద్యార్థినండీ. ఈ రోజు ఈ బడిలో మాట్లాడాల్సింది పరంధామయ్య గారు. వినేదానికే వచ్చినాను."

జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు రాజు మంచితనానికని పరంధామయ్యకు తెలుసు. తనకు హక్కుగా దక్కాల్సిందాన్ని రాజు దానంగా ఇచ్చినట్టయింది. లేచి మాట్లాడడం మొదలుపెట్టాడు. సిపాయిల తిరుగుబాటు నుంచి మొదలుపెట్టి, జైళ్ళకు వెళ్ళినవాళ్ళను, ఉరికంబాలెక్కినవాళ్ళను, ఎక్కడెక్కడి ఊళ్ళవాళ్ళనో తలుచుకున్నాడు. ఎదురుగా నేల మీద పిల్లల మధ్య కూచున్న మనిషి పేరు మాత్రం నోట్లోంచి రాలేదు. వల్లించుకున్న ఉపన్యాసంలో ఆ పేరు ఉంది. అక్కడికి వచ్చేసరికి దాన్ని దాటేశాడు. జనంలో కొందరు ముఖాలు చూసుకున్నారు. ఉపన్యాసం ముగియగానే మొదట చప్పట్లు కొట్టినవాడు సుందరరాజు.

ఇంటికొచ్చాక పంకజాక్షి కంచం ముందు పెట్టి, "రెండుమార్లు జైలుకు పోయొచ్చిన మనిషి ఎదురుగా కూచోనుంటే, ఆయన పేరు నీ నోటికి రాలేదే?" అంది.

"మరిచిపోయినా."

"నువ్వా? మరిచిపోయేది?" అని లోపలికి వెళ్ళిపోయింది.

మరుసటి ఏడాది సుందరరాజు బి.టి. పట్టాతో తిరిగొచ్చాడు. అప్పటికే అయ్యంగారి ఆరోగ్యం బాగాలేదు. నలభై తొమ్మిదిలో ఆయన విరమించుకుని తిరుపతిలో కొడుకు ఇంటికి వెళ్ళిపోయాడు. హెడ్మాస్టరు కావాలంటే బి.ఏ. ఉండాలి, ట్రైనింగు ఉండాలి. ఆ బడిలో రెండూ ఉన్నవాడు సుందరరాజు ఒక్కడే. కమిటీ ఒక్క పూటలో తేల్చేసింది.

పరంధామయ్య ఆ సాయంత్రం వాకిట్లో కూచుని ఊరికే ఆకాశం వైపు చూస్తున్నాడు. పంకజాక్షి పక్కన కూచుని నూలు చుడుతోంది.

"ఒగ మాట అడగనా? ఆ ట్రైనింగు సంగతి ఇన్స్పెక్టరుకు ఎవురు చెప్పినారు?"

అతను తల దించుకున్నాడు. ఆమెకు జవాబు అందింది. "నువ్వు నోరు మూసుకోనుంటే ఆయన ఇంగా ట్రైనింగు లేని అయివారుగానే ఉండును," అంది. ఆ మాటలో ఎగతాళి లేదు, జాలి ఉంది. అదే అతనికి ఎక్కువ నొప్పిగా తోచింది. తన చేతులతో తనే రాజును ఎత్తి హెడ్మాస్టరు కుర్చీలో కూచోబెట్టాడు.

ఆ ఏడాది చివర్లో బడికి కొత్తగా కట్టిన గదులు తెరవడానికి ఎమ్మెల్యే వెంకటముని వచ్చాడు. మామిడాకుల తోరణాలు, నాదస్వరం, పూలదండలు. హెడ్మాస్టరుగా సుందరరాజే ఎదురెళ్ళి దండ వేశాడు. ఒకప్పుడు తన వెనక జెండా మోసినవాడికి తను దండ వేసి, పక్కకు తప్పుకుని నిలబడ్డాడు. సభ చివర వందన సమర్పణ పరంధామయ్య వంతు.

వెంకటముని మంచి వక్త కాదు గానీ గొంతు పెద్దది. "ఈ బడిని మిడిల్ ఇస్కూలు నుంచి హైస్కూలు చేసేదానికి నేను ఎంత కష్టపడినానో నాకు తెలుసు. మద్రాసుకు ఎన్నిమార్లు తిరిగినానో ఆ దేవుడికి తెలుసు," అన్నాడు. మునివెంకటప్ప ముందు వరసలో కూచుని తలాడించాడు. బడి హైస్కూలైన రోజుల్లో వెంకటముని శాసనసభ గడప కూడా తొక్కలేదని అతనికి తెలుసు. అయినా తలాడించాడు.

పరంధామయ్య సుందరరాజు వైపు చూశాడు. రాజు స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. ముఖం నవ్వుతోంది. కుడిచేతి గోళ్ళు మాత్రం ఎడమ అరచేతిలోకి దిగబడి ఉన్నాయి. ఆ నవ్వేమిటో, ఆ గోళ్ళేమిటో పరంధామయ్యకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఈ నాలుగేళ్ళుగా తనూ రాజు ముందు అలాగే నిలబడుతున్నాడు.

మొదట అతనికి హాయిగా అనిపించింది. నీకూ తెలిసిందా రాజూ అనుకున్నాడు. కానీ ఆ హాయి నిలవలేదు. వెంకటముని ఇంకా గొంతెత్తి మాట్లాడుతున్నాడు, జనం వింటున్నారు. ఇంకో ఏడాది పోతే అదే నిజమైపోతుంది. పరంధామయ్యకు ఒంట్లో కోపం పుట్టింది. ఎవడో ఒక చేతకానివాడు వచ్చి రాజును ఇంత సులువుగా చిన్నవాణ్ణి చేసిపోతే, ఆ రాజును చూసి ఇన్నేళ్ళు కాలిపోయిన తనేమయ్యాడు? రాజు గొప్పవాడు కాబట్టే కదా తనకు నిద్ర లేకుండా పోయింది. ఆ గొప్పను తీసెయ్యడానికి ఇతనెవడు?

వందన సమర్పణకు లేచాడు. ఎమ్మెల్యేకు, కమిటీకి, గదులు కట్టిన మేస్త్రీలకు వందనాలు చెప్పాడు. తర్వాత ఆగాడు.

"పెద్దలకు ఒక సంగతి మనవి చేసుకోవాలి. ఈ బడిని హైస్కూలు చెయ్యమని శాసనసభలో అడిగింది మన హెడ్మాస్టరు సుందరరాజు గారు. నేను సందర్శకుల వరసలో కూచుని విన్నాను. మంత్రి రెండుసార్లు కుదరదన్నాడు. మూడోసారి లేచి అడిగి ఒప్పించారు. నా చెవులతో విన్నది చెప్తున్నాను. పిల్లలు దీన్ని చరిత్రగా గుర్తుపెట్టుకోవాలి."

పిల్లలు ఒక్కసారిగా కేకలు వేశారు. "ఎమ్మెల్యే అయివారు!" అని వెనకనుంచి అరుపులు. వెంకటముని నల్లబడిన ముఖంతో దండ తీసి కుర్చీ చేతి మీద వేసి లేచాడు.

అతను వెళ్ళగానే మునివెంకటప్ప హెడ్మాస్టరు గదిలో విరుచుకుపడ్డాడు. "ఏమప్పా పరంధామయ్యా, పిలిచి కూచోబెట్టి చెప్పుతో కొట్టినట్టు చేస్తివే! రేపు ఆయనతో మనకు పనుండదా? పొద్దన్నే పుత్తూరికి పోయి ఆయన కాళ్ళు పట్టుకోని క్షమాపణ అడుగు. లేదంటే ఈ బడిలో నీకు చోటు లేదు."

పరంధామయ్య నోరు తెరిచేలోపు సుందరరాజు మాట్లాడాడు. "ఆయన చెప్పింది అబద్ధమైతే నేనే పంపిస్తానండీ. నిజం చెప్పినందుకు మా బడి అయివారు ఎవరికీ క్షమాపణ చెప్పడు. అట్లా కావాలంటే ముందు నన్ను తీసెయ్యండి."

మునివెంకటప్ప గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. పరంధామయ్య చెప్పులేసుకుని బయటపడ్డాడు. మళ్ళీ రాజే పైన. ఒక్కసారి తను అతనికి మేలు చేస్తే, వెంటనే దాన్ని తిరిగి ఇచ్చేశాడు.

ఏటి ఒడ్డున సుందరరాజు అతన్ని అందుకున్నాడు. ఏట్లో నీళ్ళు లేవు. ఇసుకలో అక్కడక్కడా చాకలివాళ్ళు తవ్విన చెలమలు. ఇద్దరూ చాలాదూరం నడిచారు.

"ఎందుకు చెప్పినావు పరంధామా? నేను నోరు మూసుకోని పెద్దమనిషిగా నిలబడి ఉంటి గదా," అన్నాడు రాజు. గొంతులో కృతజ్ఞత లేదు, విసుగుంది.

"నువ్వు నిలబడిన తీరు నేను సూసినాను."

రాజు ఆగిపోయాడు. తర్వాత ఇసుక మీద కూలబడ్డాడు. "సూసినావా? ఎవురికీ కనపడలేదనుకుంటి. నేను ఈ బడికి ఎందుకొచ్చినానో తెలుసా? పిలకాయల మీద ప్రేమని ఊరంతా అనుకుంటా ఉండారు. అదేం కాదు. వాడు గెలిచినాక పుత్తూరులో యాడికి పోయినా వాడి మాటే. వాడి ఇంటి ముందర జనం, వాడి మెడలో దండలు. తిండి సయించలేదు. వాడి పేరు వినపడని చోటు యాడుండాదా అని ఎతుక్కుంటే ఈ బడి కనపడింది. ఈరోజు ఈడికి గూడా వచ్చినాడు. దండ నా చేతనే ఏయించుకున్న్యాడు." గుప్పెడు ఇసుక తీసి విసిరి, "నీకీ మంట తెలీదులే. నువ్వు పుట్టుకతోనే అయివారివి. నీకు ఎవురిమీదా ఏమీ ఉండదు," అన్నాడు.

ఆ మాట పరంధామయ్య భరించలేకపోయాడు. "ఎవురిమీదా ఏమీ ఉండదా? నిన్ను సైదాపేటకు తోలింది ఎవురనుకుంటివి? నేను! ఇన్స్పెక్టరుకు నేనే చెప్పినాను. నువ్వు సిగ్గుపడి పోతావని చెప్పినాను. జెండా పండగ నాడు నీ పేరు మరిచిపోలేదు, కావాలనే మింగేసినాను. నాలుగేండ్లుగా నిన్ను సూస్తే నాకు ఒళ్ళు మండతా ఉండాది రాజూ!"

సుందరరాజు అతని ముఖంలోకి చూశాడు. లేచి, పంచెకు అంటిన ఇసుక దులుపుకుని, వచ్చిన దారినే ఒక్కడే వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత కొన్ని నెలలు ఇద్దరి మధ్య మాటలు లేవు. బడి పని ఉంటే రాజు ఇంకొకరితో చెప్పి పంపేవాడు. ఎదురుపడితే తల తిప్పుకునేవాడు. పరంధామయ్యకు విచిత్రంగా అది కొంచెం తేలికగా ఉంది. అంతకుముందు రాజు ఆప్యాయంగా నవ్వినప్పుడు పడిన బాధ ఇప్పుడు లేదు. కానీ చింతచెట్టు కింద ఒంటరిగా కూచున్నప్పుడు ఆ నవ్వు కోసమే వెతుక్కునేవాడు.

వేసవి సెలవుల తర్వాత బడి తెరిచే ముందు రోజున సుందరరాజు స్వయంగా మగ్గాల వీధికి వచ్చాడు. గడపలో నిలబడే మాట్లాడాడు.

"ఆరో ఫారం చరిత్ర నువ్వు తీసుకో."

పరంధామయ్య నమ్మలేకపోయాడు. స్కూలు ఫైనలు రాసే పిల్లలకు పాఠం చెప్పాలని అతను జీవితమంతా కోరుకున్నాడు. ఎవరినీ అడగలేదు. "నాకు అర్హత లేదు గదా," అన్నాడు.

"నీ అంత బాగా చెప్పేవాడు ఈ బడిలో లేడు. నేను గూడా చెప్పలేను. ఇన్స్పెక్టరు అడిగితే నేను చెప్పుకుంటా." రాజు ముఖంలో నవ్వు లేదు. "నువ్వు చేసింది నేను మరిచిపోలేదు పరంధామా. మరిచిపోతానని గూడా అనుకోబాక. ఇది పిలకాయల కోసరం."

"సరే," అన్నాడు పరంధామయ్య.

లోపలినుంచి పంకజాక్షి మజ్జిగ చెంబుతో వచ్చింది. రాజు ఒక్క క్షణం తటపటాయించి, చెంబు అందుకుని తాగి వెళ్ళాడు.

ఆ ఏడాది పరంధామయ్య ఆరో ఫారంలో పాఠం చెప్పాడు. సుందరరాజు అదే క్లాసుకు ఇంగ్లీషు చెప్పాడు. వారానికో రోజు ఇద్దరూ కలిసి పిల్లల శాసనసభ నడిపించాల్సి వచ్చేది. పని గురించి మాట్లాడుకుంటూ మాట్లాడుకుంటూ, తిరుపతి గదిలో మాడిన అన్నం సంగతి ఒకరోజు వచ్చి ఇద్దరూ నవ్వుకున్నారు. వెంటనే ఆపేశారు. మరో రోజు అంత తొందరగా ఆపలేదు.

పరీక్షల ఫలితాలు వచ్చిన పొద్దున మునివెంకటప్ప పత్రిక పట్టుకుని బడికి పరుగెత్తుకొచ్చాడు. అంతకుముందు వంద మాటలన్నవాడే ఇద్దరినీ కావలించుకున్నాడు. నగరి పిల్లలు ఆ తాలూకాలో ఎవరికీ రానంత బాగా ప్యాసయ్యారు. తల్లిదండ్రులు వచ్చి హెడ్మాస్టరు గది ముందు గుంపు కట్టారు.

మార్కుల వివరాలు బడికి చేరాక పరంధామయ్య తలుపు దగ్గరికి వేసుకుని కూచున్నాడు. చరిత్రలో ఎవరికెన్ని, ఇంగ్లీషులో ఎవరికెన్ని, ఒక్కొక్కరివీ పోల్చి చూసుకున్నాడు. చరిత్ర కొంచెం పైన ఉంది. అతనికి చిన్నపిల్లవాడిలాగా సంతోషం వేసింది. తలెత్తేసరికి తలుపు సందులో సుందరరాజు నిలబడి ఉన్నాడు. అతను కూడా ఆ మార్కులు చూడడానికే వచ్చాడని ముఖం చూస్తే తెలుస్తోంది.

"ఎవురిది ఎక్కువ?" అని అడిగాడు రాజు.

"నాదే," అన్నాడు పరంధామయ్య.

రాజు కుర్చీ లాక్కుని ఎదురుగా కూచున్నాడు. "ఏదీ, సూడనీ," అని కాగితాలు తనవైపు తిప్పుకుని, కళ్ళద్దాలు సర్దుకుని, మొదటి పేరు నుంచి మళ్ళీ చూడడం మొదలుపెట్టాడు.